సిక్స్టా గారింట్లో దొంగలు పడాలి

ముకురేత,
అక్టోబరు 14, 1984

పెద్దమ్మకు,

నీ గదిలో, నీ మంచం మీద, నీ రగ్గులన్నీ ఒకదాని మీద ఒకటి కప్పుకుని, ముక్కు మాత్రం బయటపెట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను. మరకైబో ఎండలో పుట్టి పెరిగిన దాన్ని తెచ్చి ఈ కొండ మీద పడేశావు. నువ్వేమో నా గదిలో, నా ఫ్యాను కింద కాళ్లు చాపుకుని పడుకున్నావని అమ్మ రాసింది. నీ మోకాళ్లకు వెచ్చటి ఊరు కావాలని డాక్టరు చెప్పాడు, సరే. నా మోకాళ్లను ఎవరైనా అడిగారా? ఇక్కడ పొద్దున్నే మొహం కడుక్కోవడానికి కూడా ధైర్యం తెచ్చుకోవాల్సి వస్తోంది.

బడి మాత్రం బాగుంది. నువ్వు అన్నేళ్లు పాఠాలు చెప్పిన గది కదా, పిల్లలు ఇప్పటికీ "ఒబ్దులియా టీచర్ అయితే ఇలా చెప్పేది కాదు" అని నన్ను పొడుస్తూనే ఉన్నారు. ఈ నెల పాఠం ఆవాసాలు. పుస్తకంలో ఒంటె బొమ్మ ఉంది, మంచు ఎలుగుబంటి బొమ్మ ఉంది. ఒనెయ్దా అని తొమ్మిదేళ్ల పిల్ల ఉంది, నీకు తెలిసే ఉంటుంది, రెండు జడలు, నోరు మాత్రం నాలుగు జడలంత. లేచి నిలబడి "టీచర్, ఈ ఒంటె మా బంగాళాదుంపల చేలోకి వస్తే ఏం తింటుంది?" అంది. రాదమ్మా అన్నాను. "రానిదాని గురించి మనకెందుకు టీచర్?" అని కూర్చుంది.

దాంతో పుస్తకం మూసేసి అందరినీ కొండమీదికి తోలుకుపోయాను. బొచ్చు ఆకుల ఫ్రైలెహోన్ మొక్కల మధ్య నిలబడి, వణుకుతూ, పాఠం చెప్పాను. ఒక జీవి ఉండే చోటు దాని ఆవాసం. ఆ చోట అది ఏం తింటుంది, ఏ పని చేస్తుంది, ఎవరి మీద ఆధారపడుతుంది, దాని మీద ఎవరు ఆధారపడతారు, ఇదంతా కలిపి దాని స్థానం. ఆ మొక్కల పువ్వు మీద వాలిన తేనెపిట్టను చూపించి, ఈ పిట్ట పోతే ఆ స్థానం ఖాళీ అవుతుంది, ఆ లోటు అందరికీ తగులుతుంది అన్నాను. ఒక్కరికీ ఎక్కలేదు. "పిట్ట పోతే ఇంకో పిట్ట వస్తుంది టీచర్" అన్నారు. నేను చలికి ఏడ్చానో, కోపానికి ఏడ్చానో నాకే తెలియదు.

నా ఉద్యోగం ఇంకా తాత్కాలికమేనని మర్చిపోకు. ఫిబ్రవరిలో సూపర్‌వైజరు వచ్చి పాఠం చూసి సరే అంటే ఖాయం, కాదంటే మరకైబో బస్సు. అక్కడ నా గదిలో నువ్వున్నావు. పైగా ఇక్కడి తల్లిదండ్రుల సంఘానికి పెద్ద ఎవరనుకున్నావు? బడి ఎదురింటి సిక్స్టా గారు. నేను తుమ్మితే ఆమె కిటికీ తెర కదులుతుంది. ఆమె మంచి మాట చెప్తేనే నాకు బతుకు.

ఈ "స్థానం" అన్న ముక్క పిల్లల బుర్రకు ఎలా ఎక్కించాలో చెప్పు.

నీ
బెల్కిస్


మరకైబో,
నవంబరు 2

ఒసేయ్ బెల్కిస్,

ఫ్యాను కింద పడుకున్నానట! ఇది ఫ్యాను కాదు, వేడిగాలిని నా మొహానికి తెచ్చిపెట్టే యంత్రం. మోకాళ్లు బాగున్నాయి, మిగతా ఒళ్లంతా ఉడికిపోతోంది. మీ అమ్మ రోజూ చేపలు వేయించి పెడుతోంది. మన వెల్లుల్లి, గుడ్డు, బంగాళాదుంప వేసిన చారు అడిగితే "ఈ ఎండలో చారేమిటక్కా" అని నవ్వుతోంది. ఆ సంగతి వదిలెయ్.

పిట్టలతో, మొక్కలతో మొదలుపెడితే వాళ్లకెందుకు ఎక్కుతుంది? అవి వాళ్లు ఊపిరి పీల్చినంత మామూలుగా చూసేవి. మనుషులతో మొదలుపెట్టు. కొట్టు బెనిగ్నో ఉన్నాడు. ఎక్కడుంటాడు, ఏం తింటాడు, ఏం చేస్తాడు, ఆయన కొట్టు మూస్తే ఎవరికి కష్టం? ఒక్కొక్కరి చేత ఒక్కో అట్ట మీద రాయించు. మనుషులు అర్థమయ్యాక పిట్టలు వాటంతటవే అర్థమవుతాయి. ఇంత చిన్న సంగతి నీకు తట్టలేదంటే ఆ పట్నం కాలేజీలో ఏం నేర్పారో నాకు తెలియడం లేదు.

సిక్స్టాకు భయపడకు. ఆమె గురించి ఎక్కువ ఆలోచించకు కూడా.

పెద్దమ్మ
ఒబ్దులియా


ముకురేత,
డిసెంబరు 1

పెద్దమ్మా,

నీ సలహా అద్భుతంగా పనిచేసింది. నా ఉద్యోగం పోయేటట్టుంది.

పిల్లలు విజృంభించారు. బెనిగ్నో గారి అట్ట: "ఆవాసం: కొట్టు. ఆహారం: కొట్లో ఉన్న బిస్కెట్లు. ఈయన లేకపోతే ఊళ్లో ఉప్పు దొరకదు, కబుర్లూ దొరకవు." ఫాదరుది: "ఆవాసం: మోటారు సైకిలు. నెలకోసారి వలస వస్తాడు. కోళ్లకు సహజ శత్రువు." నేను నవ్వి నవ్వి, అన్నిటికీ పదికి పది వేసి, తల్లిదండ్రుల సమావేశం రోజు గోడకు అంటించాను. ఎవరి అట్ట దగ్గర వాళ్లు నిలబడి ఒకటే నవ్వులు. బెనిగ్నో గారైతే తనది ఊడదీసుకుపోయి కొట్లో ఉప్పు బస్తా పైన మేకు కొట్టుకున్నాడు.

ఒనెయ్దా ఎవరి మీద రాసిందో నువ్వు ఊహించే ఉంటావు.

"సిక్స్టా గారు. ఆవాసం: కిటికీ. ఆహారం: ఎవరింట్లో ఏం జరిగిందో ఆ సంగతి. బయటికొచ్చే వేళ: పూజకు, గొడవకు. తోడుండే జీవి: కపితాన్ అనే కుక్క. ఈమె మీద ఆధారపడి బతికేవాళ్లు:"

అంతే. ఆ చివరి గీత మీద ఏమీ లేదు. "ఎందుకు రాయలేదే?" అంటే "ఎంత ఆలోచించినా ఎవరూ దొరకలేదు టీచర్" అంది.

ఆమె కళ్లజోడు పెట్టుకుని మొదటినుంచీ చివరిదాకా చదివింది. ఇప్పుడు అరుస్తుంది, ఇప్పుడు అరుస్తుంది అని నేను బల్ల వెనక్కి జరిగాను. అరవలేదు. అట్ట ఊడదీసి, నాలుగు మడతలు పెట్టి, శాలువాలో దోపుకుని వెళ్లిపోయింది. మర్నాటి బస్సులో సూపర్‌వైజరుకి ఫిర్యాదు వెళ్లింది. "మరకైబో నుంచి వచ్చిన పిల్ల పెద్దవాళ్లను జంతువులతో కలిపి పాఠాలు చెబుతోంది, తీసేయండి" అని రాసిందట. బస్సు డ్రైవరే చదివి నాకు చెప్పాడు.

ఇదంతా నీ సలహా వల్లే.

బెల్కిస్


మరకైబో,
డిసెంబరు 10

బెల్కిస్‌కు,

నా సలహానా? బెనిగ్నో మీద రాయించమన్నాను. సిక్స్టా పేరు నా ఉత్తరంలో ఎక్కడుంది? "ఎక్కువ ఆలోచించకు" అన్న చోట తప్ప.

అయిందేదో అయింది. ఇప్పుడు నేను చెప్పింది చెప్పినట్టు చెయ్యి. ఈపాటికి ఆమె ఇంట్లో క్రిస్మస్ బొమ్మలతో బాలయేసు పాక కట్టడం మొదలుపెట్టి ఉంటుంది. ఆ ఊళ్లో అంత పెద్ద పాక ఎవరూ కట్టరు. పిల్లలందరినీ తీసుకుని వెళ్లు. ఏం పెడితే అది తిను. ప్రతి గొర్రెనీ విడివిడిగా మెచ్చుకో. మరియమ్మ ముక్కు కొంచెం విరిగి ఉంటుంది, చూడనట్టు ఊరుకో. ముఖ్యంగా ఒక మాట: జీవుల గురించి, ఆవాసాల గురించి ఆ ఇంట్లో నోరు విప్పకు.

ఇక్కడ మీ అమ్మ ప్లాస్టిక్ చెట్టు నిలబెట్టి దాని మీద దూది చల్లింది. మంచట. చెమటలు కక్కుతూ ఆ దూది వంక చూస్తూ కూర్చున్నాను.

పెద్దమ్మ


ముకురేత,
జనవరి 10, 1985

పెద్దమ్మా,

ముందే చెబుతున్నాను, జరిగినదాంట్లో నాకేమీ సంబంధం లేదు.

నువ్వు చెప్పినట్టే వెళ్లాం. పాక సగం గది ఆక్రమించింది. అద్దంతో చెరువు, అట్టతో కొండలు, కొండ మీదికి వెళ్లే మన బస్సు, దాని మీద బంగాళాదుంపల బస్తాలు. వీటన్నిటి కింద మోకాలి లోతు నాచు. వాగు ఒడ్డునుంచి గాడిద మీద వేయించి తెప్పించిందట. నేను గొర్రెల్ని ఒక్కొక్కటే మెచ్చుకుంటూ వచ్చాను. పదకొండో గొర్రె దగ్గర ఆమె మొహం కాస్త వదులైంది. జున్నుముక్క వేసిన వేడి చాకొలెట్ పాలు ఇచ్చింది. "టీచరమ్మా, చక్కెర సరిపోయిందా?" అని కూడా అడిగింది. నా ఉద్యోగం ఖాయమైనట్టే అనుకున్నాను.

అప్పుడు నాచులోంచి గోరంత కప్ప ఒకటి బయటికొచ్చి, వచ్చిన ముగ్గురు రాజుల్లో నల్లరాజు కిరీటం ఎక్కి కూర్చుంది.

"టీచర్! ఆవాసం!" అని ఒనెయ్దా కేక పెట్టింది.

ఇక ఎవరిని ఆపగలం? పిల్లలంతా పాక మీదికి వంగారు. ఒకడికి వానపాము దొరికింది, ఒకడికి పురుగు, ఇంకొకడికి కప్పగుడ్లు. "ఈ కప్ప ఇక్కడేం తింటుంది? నీళ్లెవరు పోస్తారు? వాగు ఒడ్డున నాచు లేకపోతే ఎండాకాలం నీళ్లు ఎలా ఆగుతాయి? అయ్యో, దీని స్థానం ఖాళీ అయిపోయింది కదా టీచర్!" పెద్దమ్మా, మూడు నెలలు మొత్తుకున్నా ఎక్కని పాఠం ఆ గదిలో ఎక్కింది. నాకు ఆనందంతో ఏడుపొచ్చింది. నోరు విప్పకుండా ఏడ్చాను, నీ మాట తప్పలేదు.

"ఆ కప్పని కిటికీలోంచి పారెయ్యండి" అంది సిక్స్టా గారు. "కిటికీ అవతల రోడ్డుంది, నాచు లేదు" అంది ఒనెయ్దా. రెండు నిమిషాల్లో అందరం రోడ్డు మీద ఉన్నాం, మీగడ మీసాలతో.

పండుగ వెళ్లాక పిల్లలు రోజూ అదే గోల. నాచు ఎండిపోతోంది, కప్ప చచ్చిపోతుంది అని. మొన్న ఆమె పూజకు వెళ్లినప్పుడు గోనెసంచులతో వెళ్లి నాచంతా ఎత్తేసి, వాగు ఒడ్డుకు చేర్చి, ఎక్కడిదక్కడ పరిచేశారు. కప్పను పాలడబ్బాలో తీసుకెళ్లారు. బాలయేసును మాత్రం ముట్టుకోలేదు. "టీచర్, ఆయన్ని కూడా ఎత్తుకెళ్దామా?" అని అడిగితే, దొంగతనం పాపం, నాచు వాగుది, విగ్రహం ఆవిడది, ముట్టుకుంటే చెవులు మెలేస్తాను అన్నాను. పిల్లలు నావైపు వింతగా చూశారు. ఉత్త బల్ల మీద, పక్కకు తిరిగి, చెయ్యి కొంచెం పైకెత్తి పడుకుని ఉన్నాడు పాపం.

సిక్స్టా గారు రెండో ఫిర్యాదు పంపింది. ఈసారి దొంగతనమని. సూపర్‌వైజరు ఫిబ్రవరి ఒకటిన వస్తున్నాడు. అమ్మతో చెప్పకు. నా గది ఎప్పుడు ఖాళీ చేస్తావు?

బెల్కిస్

తా.క. సంచులు కూడా నావే.


మరకైబో,
జనవరి 17

ఏమీ సంబంధం లేని బెల్కిస్‌కు,

ఏమీ తెలియని దానివి, బాలయేసు ఏ పక్కకు తిరిగి పడుకున్నాడో ఎలా రాశావే? నీకు అబద్ధాలాడటం రాదు. నేర్చుకో, టీచరుకు అవసరం.

నీ ఉత్తరం చదివి మీ అమ్మ కంగారుపడేంత నవ్వాను. తర్వాత తల పట్టుకున్నాను. తప్పు నాదే, మరకైబో పిల్లకు కొండ మీది పద్ధతులు చెప్పకుండా పంపాను.

విను. మా కొండల్లో కొత్త సంవత్సరం రాగానే బాలయేసును లేపి నిలబెట్టాలి. ఇంకా పడుకోబెట్టే ఉంచారంటే, ఆ ఇంట్లోంచి ఆయన్ని ఎవరైనా ఎత్తుకుపోవచ్చు. ఎత్తుకుపోవాలి కూడా. అప్పుడు ఆ ఇంటివాళ్లు ఊరంతటినీ వెంటేసుకుని, కొవ్వొత్తులు పట్టుకుని, పాటలు పాడుతూ ఇల్లిల్లూ వెతుకుతారు. దొరికాక ఇంటికి తెచ్చి, నిలబెట్టి, అందరికీ కేకులూ ద్రాక్షసారా పెడతారు. ఫిబ్రవరి రెండు దాకా గడువు. దొంగలు పడని ఇల్లు అంటే ఎవరికీ అక్కర్లేని ఇల్లు అని అర్థం. సిక్స్టా బాలయేసును నిలబెట్టడం మర్చిపోయిందనుకున్నావా? ఆమె దేన్నీ మర్చిపోదు.

నువ్వేం చేశావు? ఆ ఇంట్లోకి దొంగగా వెళ్లావు. మట్టీ నాచూ మోసుకొచ్చావు. బాబును మాత్రం ఉత్త బల్ల మీద వదిలేశావు. పిల్లలు అడిగినా వద్దన్నావు. "నీ ఇంట్లో దొంగతనానికి పనికొచ్చేది ఏదీ లేదు" అని ఆమె మొహం మీద చెప్పినట్టయింది. అట్ట మీద ఆ ఖాళీ గీత ఒక దెబ్బ, ఇది రెండో దెబ్బ.

ఇంకో సంగతి కూడా చెప్పేస్తాను. సిక్స్టా అంటే ఊరందరికీ భయం. ఆమె మొగుడు పోయినప్పటినుంచీ ప్రతి జనవరిలో ఆ బాబును ఎత్తుకొచ్చింది నేనొక్కదాన్నే. మిగతా సంవత్సరమంతా మేమిద్దరం పోట్లాడుకునేవాళ్లం. పోయిన జనవరిలో నేను మోకాళ్లు చూపించుకోవడానికి ఇక్కడికి వచ్చినప్పుడు, ఆ ఇంటికి ఎవరూ వెళ్లలేదని బెనిగ్నో రాశాడు. పాక ఇంకా పెద్దది కట్టిందట. ఆ ఉత్తరం చదివి నేను రెండు రోజులు అన్నం తినలేదు. ఆమె మీద బెంగ అని మాత్రం ఎవరికీ చెప్పకు.

వెళ్లి దొంగతనం చెయ్యి. పద్ధతిగా చెయ్యి.

పెద్దమ్మ


ముకురేత,
ఫిబ్రవరి 3

పెద్దమ్మా,

దొంగతనం చేశాను. పద్ధతిగా అంటే ఎలాగో తెలియక మధ్యాహ్నం పూట, భోజనాలయ్యాక, ఒనెయ్దాను వెంటబెట్టుకుని వెళ్లాను. తలుపు దగ్గరగా వేసి ఉంది, గడియ లేదు. కపితాన్‌ను పెరట్లో కట్టేసి ఉంచింది, ముందు పెద్ద ఎముక పడేసి. సిక్స్టా గారు ఊగే కుర్చీలో కూర్చుని గురక పెడుతోంది. అలాంటి గురక నేను ఎక్కడా వినలేదు. మనిషి మేలుకుని ఉంటే తప్ప అంత గట్టిగా గురక రాదు.

మునివేళ్ల మీద వెళ్లి బాబును తీసుకున్నాను. గుమ్మం దాటబోతుంటే వెనకనుంచి, కళ్లు తెరవకుండానే, "ఆ పట్టుగుడ్డ కూడా తీసుకుపోవే, బాబుకి చలేస్తుంది" అంది. మళ్లీ గురక.

ఒకటో తారీఖు సాయంత్రం ఆమె "అయ్యో నా బాబు! ఎవరెత్తుకుపోయారర్రా!" అని కేకలేస్తూ వీధిలోకి వచ్చింది. ఆ కేకలో ఎంత సంతోషముందో చెప్పలేను. ఊరంతా కొవ్వొత్తులతో కదిలింది. బడి ఆమె ఇంటికి ఎదురుగానే ఉందా, దాన్ని వదిలేసి ఊరి చివరినుంచి మొదలుపెట్టింది. ప్రతి గుమ్మం ముందూ ఆగి, పాట పాడి, లోపలికెళ్లి మంచాల కింద కూడా చూసింది. ఎవరింట్లో ఏముందో ఏడాదికి సరిపడా చూసుకుంది. చివరికి బడికొచ్చి, నా బల్ల సొరుగులోంచి బాబును తీసి, "దొంగ దొరికింది!" అని నా చెవి మెలేసింది. నొప్పి పుట్టేలాగే మెలేసింది. బాబును పడుకోబెట్టి ఊరేగించే పట్టుగుడ్డ నాలుగు కొసలూ పట్టుకోవడానికి పెద్దవాళ్లెవరినీ పిలవలేదు. మా పిల్లల్ని పిలిచింది. ఒక కొస ఒనెయ్దాది.

ఈ ఊరేగింపులోకే సూపర్‌వైజరు అరిస్తిదెస్ గారు బస్సు దిగాడు. చేతిలో ఫిర్యాదుల కాగితాలు. ఎవరో ఆయన చేతిలో కొవ్వొత్తి పెట్టారు, కాగితాలు చంకలో పెట్టుకుని పాడుతూ వచ్చాడు.

కేకు తిన్నాక, అక్కడే, పాక ముందే పిల్లల్ని ప్రశ్నలడిగాడు. ఆవాసమంటే ఏమిటి, స్థానమంటే ఏమిటి అని. పిల్లలు ఆగలేదు. కప్ప, నాచు, వాగు, వాగు కింద పండే బంగాళాదుంపలు, ఆ బంగాళాదుంపల మీద బతికే తాము. ఒకదాన్ని లాగితే ఏది కూలుతుందో గుక్కతిప్పుకోకుండా చెప్పారు. ఆయన రెండో గ్లాసు పక్కన పెట్టేశాడు.

"మరి ఈ ఫిర్యాదు? నాచు దొంగతనం?" అని సిక్స్టా గారిని అడిగాడు.

"ఏం నాచు? ఏం దొంగతనం? నేనే ఇచ్చాను. వచ్చే ఏడు రంగు కాగితాలు పరుస్తాను. ముసలిదాన్ని, ఏదో కోపంలో రాశాను. చింపెయ్యండి సార్" అంది, బాలయేసు ముందు నిలబడి, కన్ను ఆర్పకుండా.

నేను ఊపిరి పీల్చుకున్నాను. ఆయన నావైపు తిరిగాడు. "ఇలాంటి పాఠం జిల్లాలో ఎక్కడా వినలేదమ్మా. నువ్వు ఉండాల్సింది ఇక్కడ కాదు. మేరిదా పట్నంలో మోడల్ స్కూలుకు ఖాయం చేస్తాను. క్వార్టర్సు ఉంది. వేణ్ణీళ్ల మిషను ఉంది. సోమవారమే రావచ్చు."

వేణ్ణీళ్లు, పెద్దమ్మా! అబద్ధమెందుకు, ఒక్క క్షణం నా ఒళ్లంతా వెచ్చబడింది.

సిక్స్టా గారు చేతిలో కేకు పళ్లెం ఠప్పున బల్ల మీద పెట్టింది. "ఆ ఫిర్యాదు చింపారా?" అంది.

"ఇంకా లేదమ్మా."

"చింపకండి. ఈ పిల్ల దొంగ. పగలే నా ఇల్లు దోచింది. నాచు మోసింది, బాబును మోసింది, పిల్లలకు దొంగతనం నేర్పింది. పెద్దవాళ్లను జంతువులంది. ఇలాంటి దాన్ని పట్నం పంపిస్తారా? పట్నం పంపడం శిక్షా?"

"ఇప్పుడేగా మీరే ఇచ్చానన్నారు?"

"బాలయేసు ముందు అబద్ధమాడాను. దానికి నేను తర్వాత ఆయనకు చెప్పుకుంటాను. మీరు ముందు ఈ దొంగ సంగతి చూడండి."

ఆయన అయోమయంగా నన్ను చూశాడు. "ఏమ్మా, ఈవిడ చెప్పేది నిజమేనా? దొంగతనం నిజమైతే నేను నిన్ను పట్నానికి రాయలేను. శిక్ష కింద ఇక్కడే ఉంచాల్సి వస్తుంది. ఆలోచించుకుని చెప్పు."

సిక్స్టా గారు నావైపు చూడలేదు. నేలకేసి చూస్తూ శాలువా కొస చుట్టుకుంటోంది, విప్పుతోంది. పిల్లలెవరూ కేకు నమలడం లేదు. ఈమె నన్ను తీసేయించాలని రెండు ఉత్తరాలు రాసిన మనిషి అని గుర్తు చేసుకోవడానికి చాలా ప్రయత్నించాను. కుదరలేదు.

"నిజమే సార్" అన్నాను. "నాచు నేనే, బాబు నేనే. సంచులు కూడా నావే. వచ్చే జనవరిలో మళ్లీ చేస్తాను."

ఆయన కలం తీసి, అక్కడే, పాక బల్ల మీద కాగితం పెట్టి రాశాడు. చదివి వినిపించాడు కూడా: "బెల్కిస్ టీచరును శిక్షగా ముకురేత బడిలోనే ఖాయం చేయడమైనది."

సిక్స్టా గారు కళ్లజోడు పెట్టుకుని ఆయన భుజం మీదుగా వంగి చూసింది. "ఎన్నేళ్లో వెయ్యలేదు" అంది.

"ఎన్నేళ్లు వెయ్యమంటారమ్మా?"

"నేను పోయేదాకా అని వెయ్యండి."

వేసేశాడు.

నీ
బెల్కిస్